గోదావరి ఎక్కే రోజు

రాజమండ్రి, కాకినాడ, విశాఖ వైపు నుంచి కొత్త జంటలు హైదరాబాద్ చూడటానికి వచ్చే రోజులు. ఎనభైల చివర, తొంభైల మొదట అనుకోండి. చూడటమంతా మొదటి రెండు రోజుల్లోనే అయిపోయేది. గోల్కొండ, జూపార్కు, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్. మూడో రోజు మాత్రం ఆ జంటది కాదు. అత్తగారు తెమ్మని రాసిచ్చిన చీటీది, ఆడపడుచు గాజులది, పక్కింటి పిన్నిగారు అడిగిన బిస్కెట్లది. వీటన్నిటి మీదా పెత్తనం సాయంత్రం నాంపల్లిలో బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్‌ది.

1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి అది. సాయంత్రం అయిదు దాటాక హైదరాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది. అందుకని ఆఖరి రోజు లెక్కని పొద్దుట నుంచి మొదలుపెట్టకూడదు, బండి టైము నుంచి వెనక్కి వెయ్యాలి. నాలుగున్నరకి ప్లాట్‌ఫారం. నాలుగింటికి క్లోక్‌రూం. మూడింటికి మొజంజాహీ మార్కెట్. రెండున్నరకి పాతబస్తీ వదిలెయ్యాలి. పన్నెండింటికి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు ఉండాలి. ఈ అయిదూ మేకులు కొట్టినట్టు కదలకుండా ఉంటే మధ్యలో ఎంత తిరిగినా ఫరవాలేదు. వీటిలో ఏ ఒక్కటి పక్కకి జరిగినా సాయంత్రం ఆటోలో గోళ్లు కొరుక్కోవడమే.

ముందు లాడ్జి సంగతి. నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిల్లో చాలావాటికి 24 గంటల లెక్క ఉండేది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, వచ్చేటప్పుడు కూడా గోదావరికే వస్తే పొద్దున్న ఆరు, ఏడు మధ్య దిగి, ఏడింటికల్లా రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్లు. అంటే ఆఖరి రోజు కూడా ఏడింటికే గది ఖాళీ చెయ్యాలి. గంట దాటితే సగం రోజు అద్దె, కొన్నిచోట్ల మొత్తం రోజుది. రిజిస్టరులో వేసిన టైము దిగినరోజే చూసుకోవాలి. గుమాస్తా ఆరున్నర అని రాసేస్తే తరవాత వాదించి లాభం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ చేసే లెక్క ఉన్న లాడ్జి దొరికితే ఆఖరి రోజుకి అదే మేలు. పొద్దున్న పని చూసుకుని, తిరిగొచ్చి, స్నానం చేసి ఖాళీ చెయ్యొచ్చు అనిపిస్తుంది. ఆ మోజులో పడితే మాత్రం మ్యూజియం గడియారం చూడటం పోతుంది. సామాను పొద్దున్నే సర్దెయ్యడమే మంచిది.

సామాను క్లోక్‌రూంకి. ఇక్కడ జనం బోల్తా పడేది తాళం దగ్గర. తాళం లేని సంచీ తీసుకోరు. సూట్‌కేసు సరే, చైను బ్యాగుకి రెండు జిప్పులూ కలిపి వేసే బుల్లి తాళం ముందే కొని పెట్టుకోవాలి. అట్టపెట్టెలు, మూటలు, మూతిలేని బుట్టలు పనికిరావు. ప్రయాణం టికెట్టు చూపించాలి. ఇచ్చిన రసీదు పర్సులో టికెట్టుతో కలిపి పెట్టకూడదు, ఎందుకంటే పర్సు పోతే రెండూ పోతాయి. టికెట్టు ఆయన దగ్గర, రసీదు ఆవిడ దగ్గర. రసీదు పోతే పూచీకత్తు రాసిచ్చి సామాను విడిపించుకునేసరికి బండి సికింద్రాబాద్ దాటిపోతుంది. ఇంకోటి: ఆ రోజు కొన్నవి పెట్టడానికి ఒక మడత సంచీ, ఇంకో తాళం బయట ఉంచుకోవాలి. అన్నీ లోపల పెట్టేసి చేతులూపుకుంటూ వెళ్లినవాళ్లు సాయంత్రం పది పాలిథీన్ కవర్లతో తిరిగొచ్చేవాళ్లు.

టిఫిను స్టేషన్ దగ్గరే ముగించి, టీ మాత్రం ఇరానీ హోటల్లో. ఊళ్లో టీలాగా అన్నీ కలిపి మరిగించరు ఇక్కడ. డికాక్షన్ ఒక పాత్రలో మూత బిగించి సన్నసెగ మీద ఉంటుంది, పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా కాగుతుంటాయి, కప్పులో కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్టు, తీపీ ఉప్పూ రెండూ ఉండేది. కొత్త పెళ్లికూతుళ్లు గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు, లోపలంతా మగవాళ్లే కనబడి. పక్కకి తెరో, చెక్క అడ్డుగోడో కట్టిన ఫ్యామిలీ గది ఉంటుంది, అడిగితే చూపిస్తారు. బల్ల మీద ప్లేటు నిండా బిస్కెట్లు, సమోసాలు వాళ్లే తెచ్చి పెట్టేస్తే అన్నీ తినాలేమో అని కంగారు పడక్కర్లేదు. తిన్నవాటికే లెక్క.

ఆఖరి రోజు శుక్రవారం పడకుండా ముందే చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మక్కా మసీదు ప్రార్థనల వేళకి చార్మినార్ దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఆదివారమైతే వేరే అందం ఉంది. ఆబిడ్స్‌లో మూసిన కొట్ల ముందు పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. అయితే పుస్తకాల పిచ్చి ఉన్న మొగుణ్ణి పొద్దున్నే అటు తీసుకెళ్తే ఆ రోజు ఇంక గాజులు లేవు.

మ్యూజియం తలుపులు పదింటికి తీస్తారు. పూర్తిగా చూడాలంటే ఒక రోజూ చాలదు, చేతిలో ఉన్నది రెండు గంటలు. కాబట్టి మొహమాటం లేకుండా మూడే పెట్టుకోవాలి. మొదటిది రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోము నుంచి 1876లో కొన్నాడు. మొహం మీద మేలిముసుగు కూడా రాయే. ఎదురుగా నిలబడితే రాయిలాగే ఉంటుంది, కొంచెం పక్కకి జరిగితే గుడ్డ కనిపిస్తుంది. రెండోది ఒకే మొద్దులో చెక్కిన జంట బొమ్మ. ముందువైపు ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకవైపు అదే నాటకంలోని పిల్ల, తల వంచుకున్న మార్గరెట్టా. వెనకాల అద్దం పెట్టారు కాబట్టి ఒక్కచోట నిలబడే రెండూ చూడొచ్చు, చుట్టూ తిరిగి తోసుకోనక్కర్లేదు. మూడోది గడియారం.

గడియారం దగ్గరికి పన్నెండింటికి వెళ్తే జనం తలకాయలు కనిపిస్తాయి. పదకొండుం ముప్పావుకే చేరాలి. ఇంగ్లండులో తయారై, కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వాళ్లు కూర్చిన యంత్రం. ఒక పక్క కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ కొడుతూనే ఉంటాడు, చాలామంది వాణ్ణి చూడనే చూడరు. గంట అయ్యే ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొస్తాడు, ఎన్ని గంటలైతే అన్ని కొట్టి లోపలికెళ్లిపోతాడు. పదకొండుకీ వస్తాడు, ఒంటిగంటకీ వస్తాడు. కానీ పన్నెండు దెబ్బలు కొట్టేది మధ్యాహ్నం ఒక్కసారే కాబట్టి జనం అప్పుడే చేరతారు. టైము లేనివాళ్లు పదకొండు గంటలకి చూసేస్తే ఎదురుగా కుర్చీయే దొరుకుతుంది, గంట కలిసొస్తుంది. ఈ కిటుకు తెలిసినా పన్నెండుదాకా ఉండిపోయే జంటలే ఎక్కువ. ఉండాలి కూడా. ఆ రోజు మొత్తంలో వాళ్లకోసం వాళ్లు చూసేది అదొక్కటే.

అక్కణ్ణుంచి చార్మినార్‌కి నడకే మేలు. మదీనా చౌరస్తా దాటి, 1908 మూసీ వరదల తరవాత కట్టిన పత్తర్‌గట్టి రాతి కమానుల నీడలో, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ మీదుగా ఇరవై నిమిషాలు. రిక్షా ఎక్కితే రద్దీలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఫొటో సంగతి ఇక్కడే చెప్పాలి. రీలులో ఆఖరి రెండు మూడు బొమ్మలు చార్మినార్‌కి దాచుకొచ్చేవాళ్లు అందరూ, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కళ్ల కింద నల్లటి గుంటలు. నెత్తిన ఎండ తగలకుండా కమాను నీడ అంచున మనిషిని నిలబెట్టి తియ్యాలి. మినార్లు నాలుగూ పైదాకా పడాలంటే గుల్జార్ హౌజ్ దాకా వెనక్కి రావాలి. దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, మనుషుల కాళ్లు ఉండవు. 1591లో కట్టినవాళ్లు ఆగ్ఫా క్లిక్ కెమెరాని దృష్టిలో పెట్టుకోలేదు మరి.

లాడ్‌బజార్. చార్మినార్‌కి పడమటి వైపు సందు. కొట్లు పదకొండు దాటితే గానీ పూర్తిగా తెరవరు, అందుకే దీన్ని మ్యూజియం తరవాతకి పెట్టాం. ఇక్కడ తేలికగా ఒక గంట పోతుంది. పోనివ్వాలి.

చీటీలో పేర్లు ఉంటాయి, కొలతలు ఉండవు. అసలు చిక్కంతా అదే. 2.4 అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు, అంటే మన రెండుంబావు. 2.6 అంటే రెండుంబావు మీద పరక, అంటే ఎనిమిదో వంతు. 2.8 అంటే రెండున్నర. పక్కపక్క సైజులకి తేడా 3 మిల్లీమీటర్లే. కానీ ఆ మూడే గాజు మెటికలు దాటుతుందా, అక్కడే ఇరుక్కుంటుందా తేలుస్తాయి. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే ఒక్కొక్కళ్ల పాత గాజు లోపలి అంచు చుట్టూ పెన్సిలుతో కాగితం మీద గుండ్రంగా గీయించుకుని, కింద పేరు రాసుకుని తెచ్చుకున్నవాళ్లకి బాధ లేదు. మణికట్టుకి దారం చుట్టి కొలత తెచ్చేవాళ్లకి తప్పకుండా తప్పుతుంది. గాజు ఎక్కాల్సింది మణికట్టు కాదు, బొటనవేలు లోపలికి మడిచినప్పుడు మెటికల దగ్గర చెయ్యి వెడల్పు. సన్నగాజు 2.4 పట్టే చేతికి వెడల్పు లక్క కడియం 2.4 పట్టదు, 2.6 తీసుకోవాలి. సన్నగాజు వాల్చి ఎక్కించొచ్చు, కడియం వాలదు.

లక్క గాజు ఎలా చేస్తారో కొట్టు వెనక చూడొచ్చు. బొగ్గుల కుంపటి సెగ మీద లక్క ముద్దని మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, కొలతకి కోసి, కొసలు వేడి మీద అతికి, ఏటవాలు కొయ్య మీదికి తొడిగి గుండ్రం చేస్తారు. వేడిగా ఉండగానే రాళ్లూ అద్దప్పెంకులూ ఒక్కొక్కటే అద్దుతారు. కొనేటప్పుడు చూడాల్సింది ఇదే. రాయి చుట్టూ లక్క పైకి లేచి పట్టుకుని ఉంటే మంచిది. చుట్టూ మెరిసే జిగురు గీత కనబడితే అతికించింది, ఊరు చేరేలోపు నాలుగు రాలతాయి. లక్కకి వేడి శత్రువు. కిటికీ పక్క ఎండ తగిలేచోట పెట్టకూడదు, వేణ్ణీళ్లలో తడపకూడదు.

బేరం గురించి గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పేదేముంది, కానీ ఉర్దూ అంకెల దగ్గర దెబ్బ తింటారు. సవా సౌ అంటే 125, డేఢ్ సౌ 150, పౌనే దో సౌ 175, ఢాయీ సౌ 250. ఢాయీ సౌ చెప్పాడంటే రెండొందల చిల్లర అనుకుని రెండొందలకి ఒప్పించామని మురిసిపోకూడదు, అందులో సగం దగ్గర మొదలెట్టాలి. రెండు కొట్లు అడిగి మూడో కొట్లో కొనాలి. అయిదో కొట్టు దాకా వెళ్తే మొదట నచ్చిన రంగు ఏ కొట్లో చూశామో గుర్తుండదు. “ఏవండీ, ఆ చిలకపచ్చవి ఎక్కడ చూశాం?” అన్న మాట అక్కడ ప్రతి పూటా వినిపించేది.

మట్టిగాజులు డజన్ల లెక్కన దారంతో కట్టి ఇస్తారు. ప్రయాణంలో అవి పగిలేది పైనుంచి బరువు పడి కాదు, లోపల ఖాళీ ఉండి ఒకదానికొకటి తగులుకుని. తువ్వాలు గట్టిగా చుట్టి గాజుల్లోంచి దూర్చి, రెండు పక్కలా మిగిలిన కొసలు మడిచేస్తే కదలవు. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాలి. చేతిసంచీలో అసలు వద్దు.

ముత్యాలకి అరగంట చాలు, అదీ పత్తర్‌గట్టి పెద్ద కొట్లలోనే. చార్మినార్ కింద చేతిలో దండలు వేలాడేసుకుని తిరిగేవాళ్ల దగ్గర కాదు. పంటి అంచుకి రాస్తే అసలు ముత్యం సన్నటి ఇసకలా గరగరలాడుతుంది, నకిలీది జారుతుంది. కంతల దగ్గర చూస్తే నకిలీకి పై పూత పొరలా లేస్తుంది. దండలో అన్నీ అచ్చుపోసినట్టు ఒకే సైజూ ఒకే తెలుపూ ఉండి ధర మరీ తక్కువైతే అనుమానించాలి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసి గుచ్చమనాలి, తెగినా ఒక్కటే పోతుంది. గుచ్చడానికి పావుగంట పడుతుంది, ఆ టైము లెక్కలో వేసుకోవాలి. సెంటు కొట్టుకున్నాక ముత్యాలు పెట్టుకోవాలి గానీ ముత్యాలు పెట్టుకుని సెంటు కొట్టుకోకూడదు.

భోజనం మదీనా వైపు వస్తూ చేసెయ్యడమే. బిర్యానీ రాత్రికి బండిలో తినడానికి కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. వేడిగా మూట బిగిస్తే ఆవిరికి మెతుకు ముద్దవుతుంది. కాసేపు మూత తెరిచి ఆవిరి పోయాక కట్టమనాలి. కాజీపేట దాటకుండా తినెయ్యాలి, పొద్దుటికి దాచుకోకూడదు. శాకాహారులకి ఇంత వైభోగం లేదు. ఆబిడ్స్‌లో పులిహోర పొట్లమో, పెరుగన్నమో.

మొజంజాహీ మార్కెట్ నుంచి నాంపల్లి స్టేషన్ నడిచి చేరేంత దూరం. అందుకే బరువులన్నీ ఇక్కడికి మిగుల్చుకోవాలి. 1935లో కట్టిన రాతి భవనం. అక్కడే 1953 నుంచి కరాచీ బేకరీ. ఫ్రూట్ బిస్కెట్లు పొడిబారి ఉంటాయి కాబట్టి వారం పదిరోజులు నిలవుంటాయి, కానీ ఒత్తిడికి తట్టుకోవు. పెట్టెల్ని పరుండబెట్టకుండా నిలువుగా పేర్చి, పైన ఏమీ పెట్టకుండా చేత్తోనే తీసుకెళ్లాలి. ఉస్మానియా బిస్కెట్లు వానాకాలం ఒక్క రాత్రికే మెత్తబడతాయి, వాటికి రేకుడబ్బా తెచ్చుకోవాలి. స్వీట్లు పుల్లారెడ్డిలో నేతివి. జీడిపప్పువి, శనగపిండివి అయితే ప్రయాణానికి భయం లేదు. పాలకోవా రకాలు ఎండాకాలం రాత్రంతా పెట్టెలో ఉంటే పొద్దుటికి పులుపెక్కుతాయి. అత్తగారికి కోవా ఇష్టమని చీటీలో రాసి ఉన్నా సరే, జీడిపప్పువే తీసుకెళ్లాలి.

పక్కనే జాంబాగ్. అక్కడ పళ్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వచ్చినవాళ్లకి అనాబేషాహీ ద్రాక్ష. లేతపచ్చగా, పొడుగ్గా, గింజతో, నోట్లో వేసుకుంటే ఒక్క పండుకే నోరు నిండేది. హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లోంచి వచ్చేది. ఇప్పుడు ఆ తోటల్లో చాలావాటి మీద కాలనీలు లేచాయి, కొనేవాళ్లూ గింజలేనివే అడుగుతున్నారు. గుత్తిని కాడతో ఎత్తి మెల్లగా ఊపితే పళ్లు రాలకూడదు. కాడ పచ్చగా ఉండాలి. కడగకుండా, వెదురుబుట్టలో న్యూస్‌పేపరు వరసల మధ్య పెట్టించాలి. ఒక్క చితికిన పండు మిగిలినా రాత్రికి చుట్టూ ఉన్నవి తడిసి పాడవుతాయి, కాబట్టి దగ్గరుండి ఏరించాలి. చలికాలానికి ముందొస్తే సీతాఫలం. కళ్లు విచ్చి మధ్యలో తెల్లగా కనబడుతూ, నొక్కితే ఇంకా గట్టిగా ఉన్నవి తీసుకుంటే ఊరెళ్లాక పండుతాయి. మెత్తవి ఆ పూటే తినాలి, మార్కెట్ మెట్ల మీదే.

స్టేషన్‌కి వెళ్లే ముందు ఎస్‌టీడీ బూత్‌లో పక్కింటివాళ్ల నంబరుకి ఒక ఫోను. పగలు పూర్తి రేటు పడేది, మీటరు కళ్లముందే పరుగెత్తేది. “గోదావరికి వస్తున్నాం, రిక్షా పంపండి” అన్నంతే. మిగతాది ఇంటికెళ్లాక.

నాంపల్లి, అంటే హైదరాబాద్ స్టేషన్, 1907 నాటిది. బండి ఇక్కడే బయలుదేరుతుంది కనక సికింద్రాబాద్‌లో ఎక్కేవాళ్ల కంటే ఇక్కడ ఎక్కేవాళ్లకి పెద్ద లాభం ఒకటుంది, కింది బెర్తు కింద చోటు. సికింద్రాబాద్‌లో సగం ఊరు ఎక్కుతుంది. అప్పటికి సూట్‌కేసులు లోపలికి తోసి, గొలుసు వేసేసి, బుట్ట మాత్రం గాలి తగిలేలా పై బెర్తు మీద పెట్టుకోవాలి. బోగీ తలుపు పక్కన అప్పట్లో అతికించే చార్టులో పేరు, వయసు, ఆడా మగా చూసుకోవడం ఒక ముచ్చటగా ఉండేది. ఇద్దరికీ చెరోచోట బెర్తు పడితే బండి కదలకముందే, ఒంటరిగా ప్రయాణం చేసే మగమనిషిని అడగాలి. పిల్లలున్నవాళ్లని అడగకూడదు, వాళ్లే మనల్ని అడుగుతారు. కూలీతో ధర ముందే మాట్లాడాలి, బరువుకి కాదు, బోగీ దాకా అని.

2018 నుంచి నాంపల్లిలో మెట్రో ఆగుతోంది. టికెట్టు ఫోనులో ఉంటుంది. ముత్యాలు, బిస్కెట్లు ఇంటికే వచ్చేస్తాయి. లక్క గాజు మాత్రం ఇప్పటికీ చెయ్యి చూసి ఎక్కించుకోవాల్సిందే, శుక్రవారం మ్యూజియం ఇప్పటికీ మూసే ఉంటుంది, క్లోక్‌రూంకి తాళం ఇప్పటికీ కావాలి.

రాజమండ్రిలో దిగేవాళ్లకి ఒక్క మాట. బండి అక్కడికి చేరేది తెల్లవారుజామున కూడా కాదు, నడిరాత్రి దాటాక. విజయవాడ దాకా మెలకువగా ఉన్నవాళ్లే తరవాత ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. నిడదవోలు దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చి, వంతెన మోత వినబడగానే చెప్పులు వేసుకోవాలి. పడుకుండిపోయినవాళ్లు సామర్లకోటలో దిగి, గాజుల సూట్‌కేసూ ద్రాక్షబుట్టా పట్టుకుని తెల్లారగట్ట వెనక్కి వచ్చే బండి కోసం కూర్చునేవాళ్లు. ఆ బుట్టలో సగం అక్కడే అయిపోయేది.